సున్నపురాతి గట్టు మీద మొక్కల లెక్క ఎలా తీయాలి

"బేతంచెర్ల గుట్ట మీద ప్రాజెక్టు ఇచ్చారు సార్. ఎక్కి చూస్తే బండలు తప్ప ఏమీ లేవు. ఏం రాయాలి?"

వానలు మొదలైతే చాలు, బోటనీ చదివే పిల్లలు, వాళ్ళ లెక్చరర్లు, సెలవుల్లో కెమెరా పట్టుకుని కొండలెక్కే ఉద్యోగులు అందరూ ఇదే అడుగుతారు. గట్టు పేరు మారుతుంది, అంతే. అవుకు, కొలిమిగుండ్ల, పిడుగురాళ్ల, మేళ్లచెరువు, తాండూరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడుతున్నాను.

అడవిలో చెట్లు లెక్కపెట్టే పద్ధతిని తెచ్చి ఈ గట్ల మీద వాడితే పని చెడుతుంది. పది మీటర్ల చదరం గీసి అందులోని చెట్ల చుట్టుకొలతలు రాయాలంటే, ఇక్కడ చదరం తర్వాత చదరం ఖాళీగా వస్తుంది. "మొక్కలు లేవు" అని రాసుకుని దిగిపోతారు. ఈ గట్టు మీద మొక్క పేరుతో పాటు అది ఎక్కడ నిలబడిందో కూడా రాయాలి. రాతి పగులులోనా, గుంతలో చేరిన మట్టిలోనా, గులకరాళ్ళ మధ్యనా? వట్టి బండ ఎంత ఉందో కొలవని లెక్క సగం లెక్కే. మిగతా పనంతా దీన్ని సరిగా చేయడానికే.

నా ఉదాహరణలు ఎక్కువగా నంద్యాల జిల్లా గట్లవి. పల్నాడులోనో, సూర్యాపేట వైపో చేస్తుంటే మొక్కల పేర్లు కొన్ని మారతాయి, పద్ధతి మారదు.

కావలసినవి

- 50 మీటర్ల టేపు. లేకపోతే నైలాన్ తాడు కొని అర మీటరుకొకటి చొప్పున రంగు గుర్తులు పెట్టుకోండి. నూలు తాడు వద్దు, తడిస్తే పొడవు మారుతుంది.
- ఒక మీటరు చదరం. నాలుగు పీవీసీ పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు చాలు. ఊడదీసి సంచిలో వేసుకోవచ్చు.
- సైకిల్ చక్రం పుల్ల ఒకటి, సెంటీమీటర్ల గుర్తులతో. మట్టి లోతు చూడటానికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు కనబడలేదు.
- చిన్న సుత్తి, చాకు, రాతి పెళ్ళలు కంట్లో పడకుండా కళ్ళద్దాలు, డ్రాపర్ సీసాలో వెనిగర్.
- పెన్సిల్, గట్టి అట్ట నోట్‌బుక్. పెన్ను వద్దు, ఒక్క జల్లు పడితే రాసిందంతా పోతుంది.
- జీపీఎస్ ఉన్న ఫోను, పవర్ బ్యాంకు.
- పాత న్యూస్‌పేపర్లు, రెండు అట్టలు, తాడు.
- మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, మందమైన అడుగు ఉన్న బూట్లు, చేతికర్ర.

ఇద్దరు ఉండాలి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. ఒంటరిగా వెళ్ళొద్దు. లెక్క కోసం కాదు, ప్రాణం కోసం చెబుతున్నాను.

ఎప్పుడు వెళ్ళాలి

నాలుగు మంచి వానలు పడ్డాక, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా మొదటిసారి. ఫిబ్రవరి, మార్చిలో రెండోసారి. ఒక్కసారే వీలవుతుందంటే వానాకాలమే ఎంచుకోండి. చిన్న మొక్కలు, గడ్డి పూత మీద ఉండేది అప్పుడే. పూత లేని గడ్డిని నిపుణులు కూడా కచ్చితంగా గుర్తుపట్టలేరు.

మరి రెండోసారి ఎందుకు? కొండగోగు ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడి పెద్ద పసుపు పూలు పూసేది ఎండలు ముదిరే ముందు. నక్కవుల్లి కూడా ముందు పూల కాడను పైకి పంపి, ఆకులను తర్వాత వానలకు తెస్తుంది. వానాకాలంలో ఆ ఆకులు చూసి "ఏదో ఉల్లి" అని రాసుకున్నవాళ్ళు ఎండాకాలం పూల కాడ చూసి ఇంకో మొక్క అనుకుంటారు. జాబితాలో ఒకే మొక్క రెండుసార్లు ఎక్కుతుంది.

1. అనుమతి తీసుకోండి

గట్టు రిజర్వ్ ఫారెస్టులో ఉంటే డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, తేదీలు, వచ్చేవాళ్ళ పేర్లు, మొక్కల ముక్కలు కోస్తారా లేదా అన్నది స్పష్టంగా రాయండి. అభయారణ్యమైతే వైల్డ్‌లైఫ్ అధికారుల అనుమతి వేరే. పట్టా భూమైతే రైతును, లీజుకిచ్చిన నాపరాయి గని దగ్గరైతే గని యజమానిని అడగండి. గనిలో పేలుళ్ళు ఏ వేళల్లో జరుగుతాయో తెలుసుకోకుండా ఆ చుట్టుపక్కల టేపు పరచకండి.

2. రాయి ఏదో తేల్చుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. వదిలేస్తే తర్వాత చేసినదంతా వృథా.

బనగానపల్లె, అవుకు, పాణ్యం చుట్టుపక్కల చాలా గుట్టల మీద రాయి పొరలు పొరలుగా ఉంటుంది. కింద నార్జి సున్నపురాయి, దాని మీద అవుకు షేల్ (పలకలుగా విడిపోయే మెత్తని రాయి), అన్నిటి పైన గట్టి టోపీలాగా పాణ్యం క్వార్ట్‌జైట్. గుట్ట అడుగున సున్నపురాయి గని కనబడింది కదా అని శిఖరం కూడా సున్నపురాయే అనుకుంటే మీ ప్రాజెక్టు పేరే తప్పవుతుంది. పైన ఉన్నది ఇసుకరేణువులు గట్టిపడి తయారైన రాయి, దానిలో సున్నం ఉండదు. బేతంచెర్ల వైపు, బెలూం గుహలున్న కొలిమిగుండ్ల వైపు పైదాకా సున్నపురాయి దొరికే చోట్లు ఉన్నాయి. అయినా ప్రతి గట్టునూ పరీక్షించాల్సిందే.

పరీక్ష ఇలా:

సుత్తితో చిన్న పెళ్ళ కొట్టి లోపలి తాజా ముఖం చూడండి. చాకుతో గీయండి. గీత పడితే సున్నపురాయి కావచ్చు. క్వార్ట్‌జైట్ మీద గీత పడదు, చాకు ఇనుమే రాతికి అంటుతుంది. తర్వాత గీసిన చోట రాలిన పొడి మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుస్సుమని చిన్న బుడగలు వస్తే సున్నం ఉన్నట్టే. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పనిచేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. ల్యాబ్ నుంచి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం దొరికితే ఫలితం స్పష్టంగా ఉంటుంది. అయితే దాన్ని ల్యాబ్‌లోనే పలుచన చేయించుకోండి. ఇంట్లో కలపాల్సి వస్తే నీళ్ళలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. బాత్‌రూమ్ యాసిడ్ సీసా సంచిలో వేసుకుని కొండెక్కడం మాత్రం వద్దు.

ఇక్కడ మూడు మోసాలు ఉన్నాయి. రాతి పైపొర మీద సున్నపు పూత ఉంటే, లోపలి రాయి ఏదైనా బుడగలు వస్తాయి. అందుకే తాజా ముఖం. డోలమైట్ (మెగ్నీషియం కలిసిన, సున్నపురాయి లాంటి రాయి) అయితే ముక్క మీద ఏమీ జరగదు, పొడి చేస్తేనే పొంగుతుంది. అందుకే పొడి. సున్నపురాతి మధ్యలో చెర్ట్ అనే గట్టి పొరలు ఉంటే అక్కడ ఎంత ఆమ్లం పోసినా పొంగదు. అందుకే ఒకే రాయిని నమ్మకుండా, టేపు పరచబోయే గీత పొడవునా కనీసం ఐదు చోట్ల చూడండి.

3. చోటు ఎంచుకోండి

గట్టు నెత్తి, వాలు, అడుగు అని మూడుగా విడదీసుకోండి. ఈ మూడింటి లెక్కలు ఎప్పుడూ కలపకండి. అడుగున మట్టి చేరుతుంది, చిగర, సండ్ర లాంటి చెట్లు అక్కడ బాగానే లేస్తాయి. వాటిని నెత్తి లెక్కలో కలిపితే గట్టు ఉన్నదానికంటే పచ్చగా కనబడుతుంది.

గుడి చుట్టూ, కాలిబాట పక్కన, పాత గని గుంట అంచున గీత వేయకండి. కనీసం ఇరవై అడుగులు దూరం జరగండి. గీత మొదలు ఎక్కడో మీ కంటికి నచ్చినట్టు ఎంచుకోవద్దు. మ్యాపులో నెత్తి పొడవును సమ భాగాలు చేసి, చీటీలు వేసి తీయండి. నవ్వులాటగా ఉంటుంది గానీ, పచ్చగా ఉన్నచోటికే కాళ్ళు లాగే జబ్బుకు ఇదొక్కటే మందు.

జాగ్రత్త: సున్నపురాతి గట్లలో నీరు కరిగించిన బిలాలు ఉంటాయి. పొదల కింద నోరు తెరుచుకుని ఉంటే కనబడవు. కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. రాళ్ళు చేత్తో ఎత్తకండి, తేళ్ళు, చిన్న పింజరి పాములు వాటి కిందే ఉంటాయి.

4. గీత పరచండి

టేపును 50 మీటర్లు బిగుతుగా పరచండి. రెండు చివరలా రాయి పెట్టి, ఫోనులో స్థానం నమోదు చేయండి. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది కాబట్టి, రెండు చివరల నుంచీ దూరపు కొండలు కనబడేలా ఫోటోలు తీయండి. వచ్చే ఏడాది అదే గీత పట్టుకోవాలంటే ఆ ఫోటోలే దిక్కు. రాళ్ళ మీద పెయింటు వేయకండి.

గీత వాలు ఏ దిక్కుకు ఉందో, ఎంత ఉందో రాయండి. పడమటి ఎండ కొట్టే వాలుకూ ఉత్తరం వాలుకూ మొక్కల్లో తేడా వస్తుంది.

5. వంద చుక్కలు తీయండి

టేపు మీద సున్నాను వదిలేసి, ప్రతి అర మీటరు దగ్గరా సైకిల్ పుల్లను నిటారుగా దించండి. మొన మొదట దేనికి తగిలిందో రాయండి. 50 మీటర్లకు సరిగ్గా వంద చుక్కలు వస్తాయి కాబట్టి, శాతాలు లెక్కవేయాల్సిన పని కూడా ఉండదు. ఈ కోడ్‌లు వాడండి:

బ: వట్టి బండ
గు: గులక, రాతి ముక్కలు
మ: వట్టి మట్టి
ఎ: ఎండిన ఆకులు, గడ్డి
లై: లైకెన్ (రాతికి పొరలా అంటుకుని పెరిగేది), పాచి
మొ: బతికున్న మొక్క, పక్కన దాని పేరు

మొక్క తగిలితే దాని కింద ఏముందో కూడా పక్క గడిలో రాయండి: పగులా, గుంత మట్టా, గులకా. ఈ గడే మీ ప్రాజెక్టుకు ప్రాణం. గాలి వీస్తుంటే ఆగండి, ఊగుతున్న గడ్డి చుక్కను మార్చేస్తుంది.

రాతి మీద నల్లని మరకను చూసి మరకే అనుకోవద్దు. కొంత రాతి రంగు, కొంత బతికున్న లైకెన్. రెండు నీటి చుక్కలు వేసి కాసేపు ఆగి గోటితో గీరి చూడండి. బతికున్నదైతే చాలాసార్లు మెత్తబడి లేస్తుంది.

6. చదరాలు పెట్టండి

ప్రతి ఐదు మీటర్లకు ఒకటి, ఒకసారి టేపుకు ఎడమన, ఒకసారి కుడిన. మొత్తం పది. ప్రతి చదరంలో చిన్న మొక్కలను పేరుపేరునా లెక్కపెట్టండి. గడ్డి అయితే పోచలు కాకుండా దుబ్బులు లెక్కపెట్టాలి. నేల మీద పాకేవాటికి లెక్క కుదరదు, చదరంలో ఎంత భాగం కప్పాయో శాతంలో రాయండి.

చదరం మొత్తం బండ మీద పడితే? జరపకండి. "0" అని రాసి, ఫోటో తీసి, ముందుకు పోండి. ఖాళీ చదరాన్ని పక్కకు లాగి మొక్క ఉన్నచోట పెట్టడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. లెక్చరర్లు కూడా "ఒక్క మొక్కైనా ఉండాలి కదమ్మా" అని పిల్లల చేత ఆ పని చేయిస్తుంటారు.

పొదలకు, చెట్లకు చదరం సరిపోదు. టేపుకు రెండు వైపులా రెండేసి మీటర్ల దాకా, అంటే 200 చదరపు మీటర్లలో, వేరు లోపల ఉన్న ప్రతి పొదనూ లెక్కపెట్టి ఎత్తు రాయండి. కొమ్మ మాత్రమే లోపలికి వంగి, వేరు బయట ఉంటే లెక్కలోకి రాదు. బొమ్మజెముడు లాంటివి ఒకే మొదలు నుంచి పది కాడలు లేపుతాయి. వాటిని ఒకటిగా లెక్కపెడతారా, పదిగానా అన్నది మొదటి పేజీలోనే నియమంగా రాసుకోండి. గుంపును ఒకటిగా లెక్కించడం సులువు. ఏదైనా సరే, మధ్యలో మార్చొద్దు.

7. మట్టి లోతు, మట్టి గుణం

ప్రతి చదరంలో నాలుగు మూలలా, మధ్యలో పుల్ల దించి ఎన్ని సెంటీమీటర్లకు రాయి తగిలిందో రాయండి. వట్టి బండైతే సున్నా. చాలా చోట్ల రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. అదే పగులులో పుల్ల మొత్తం దిగిపోవచ్చు. పొదలు ఎందుకు వరుస కట్టి నిలబడ్డాయో అప్పుడు మీకే తెలుస్తుంది. రాతి పగుళ్ళ వరసే వాటి వరస.

పీహెచ్ చూడాలంటే గుంతల్లోని మట్టి కొద్దిగా తీసుకుని, ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి పీహెచ్ స్ట్రిప్ (రంగు మారే కాగితం) ముంచండి. డిస్టిల్డ్ వాటర్ అంటే బ్యాటరీలో పోసే నీళ్ళే, మెకానిక్ షాపులో దొరుకుతాయి. బోరు నీళ్ళు, మినరల్ వాటర్ వాడొద్దు. సున్నపు మట్టికి 7.5 నుంచి 8.5 మధ్య వస్తే సరైన దారిలో ఉన్నట్టు. 9 దాటితే అది చౌడు లక్షణం. 6 వస్తే స్ట్రిప్ పాతదైనా కావాలి, రాయి వేరేదైనా కావాలి. మళ్ళీ రెండో మెట్టుకు వెళ్ళండి.

8. మొక్కలను గుర్తుపట్టండి

ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆకులేని, ముళ్ళున్న, రసం నిండిన మొక్కలన్నీ "జెముళ్ళు" కావు. బొమ్మజెముడుకు మూడు నాలుగు పలకల కాడ, విరిస్తే తెల్లని పాలు. కాడజెముడుకు పెన్సిల్ లాంటి గుండ్రని కాడలు, దానికీ పాలే. నాగజెముడుకు చపాతీల్లా బల్లపరుపు కాడలు, పాలు ఉండవు. అది అమెరికా నుంచి వచ్చింది, మొదటి రెండింటికీ దానికీ చుట్టరికం లేదు. పాలు కారే వాటిని చాకుతో చిన్నగా గీరి చూడండి, చేత్తో విరవకండి. ఆ పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నల్లేరు, కుందేటికొమ్ములు కొత్తవాళ్ళకు ఒకేలా కనబడతాయి. రెండింటికీ నాలుగు పలకల కాడే. నల్లేరు కణుపులు కణుపులుగా సాగి, నులితీగెలతో పొదల మీదికి పాకుతుంది. కుందేటికొమ్ములు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, నులితీగెలు ఉండవు. విరిస్తే రెండింటికీ నీళ్ళలాంటి రసమే. నల్లేరు రసం తగిలితే దురద.

ఆకుల్లేకుండా పచ్చటి తాళ్ళలా బండల మీది నుంచి వేలాడుతూ, గీరితే పాలు కారేది సోమలత. తీగజెముడు అని కూడా అంటారు. దాన్ని కాడజెముడుగా రాసేవాళ్ళు చాలామంది.

పగుళ్ళలో చిన్న విసనకర్రల్లాంటి ఆకులు కనబడితే మయూరశిఖి. ఇది ఫెర్ను, పూలుండవు, పూల కోసం వెతక్కండి. ఎండల్లో ముడుచుకుని చచ్చినట్టుంటుంది, వానకు మళ్ళీ విచ్చుకుంటుంది. ఎండాకాలం వెళ్ళి దాన్ని "ఎ" కోడ్ కింద రాస్తే తప్పే.

పొదల్లో బలుసు, వాక, పరికి, బందారు, తంగేడు. నేల మీద విష్ణుక్రాంత, వెంపలి, పిండికూర. బట్టలకు గుచ్చుకుని మెలి తిరిగే ముల్లు గడ్డి హెటెరోపోగాన్. ఇవి ఏ రాయలసీమ గట్టు మీదైనా ఉంటాయి, మొదట వీటిని కంటికి అలవాటు చేసుకోండి. సర్కారు తుమ్మ, లంటానా, వయ్యారిభామ, గడ్డి చేమంతి, నాగజెముడు బయటి నుంచి వచ్చినవి. వాటికి వేరే గడి పెట్టండి.

పేర్ల కోసం గొర్రెల కాపరులను అడగండి. అడిగే తీరు ముఖ్యం. "ఇది బలుసే కదా పెద్దాయనా?" అంటే మర్యాదకు అవునంటారు. మొక్క చూపించి "దీన్ని మీరేమంటారు?" అనండి. వాళ్ళు చెప్పిన పేరును దిద్దకుండా అలాగే రాసుకోండి. ఇద్దరు కాపరులు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి.

తెలియని మొక్కకు ఐదు ఫోటోలు: మొత్తం మొక్క, అది నిలబడిన చోటు, ఆకు పైభాగం, ఆకు కింది భాగం, పక్కన స్కేలుతో పువ్వు. అనుమతి ఉంటే, అక్కడ అలాంటివి చాలా ఉంటే, ఒక చిన్న కొమ్మ న్యూస్‌పేపరులో పెట్టి తెచ్చుకోండి. కుందేటికొమ్ములు, నక్కవుల్లి లాంటివి పీకొద్దు, ఫోటో చాలు. ఫోను యాప్ చెప్పిన పేరును నేరుగా జాబితాలోకి ఎక్కించకండి. గడ్డి జాతుల విషయంలో యాప్‌లు ధైర్యంగా తప్పు చెబుతాయి.

9. ఎవరు మేశారు, ఎవరు నరికారు

ప్రతి చదరంలో మేక పెంటికలు, కొరికిన కొమ్మలు, గొడ్డలి గాట్లు, కాలిన మొదళ్ళు ఉన్నాయో లేదో టిక్ పెట్టండి. గని దగ్గరైతే దుమ్ము కూడా. ఆకులు తెల్లగా కనబడితే తడి వేలితో తుడవండి. తెలుపు పోతే రాతి దుమ్ము, పోకపోతే ఆకు నూగు. సున్నపురాతి గట్టు మొక్కలన్నీ బూడిద రంగువి అని తేల్చేసిన రిపోర్టులు ఉన్నాయి, అందులో సగం గని దుమ్మే అయి ఉంటుంది.

10. పక్కన ఇంకో గీత

"సున్నం వల్ల మొక్కలు పలచగా ఉన్నాయి" అని రాయాలనుకుంటే, సున్నం లేని రాతి మీద కూడా అదే రోజుల్లో అదే పని చేయాలి. పాణ్యం క్వార్ట్‌జైట్ గుట్ట దగ్గరలోనే దొరుకుతుంది. అదే దిక్కు వాలు, ఊరికి అంతే దూరం, దాదాపు అంతే మేత ఉన్న చోటు చూడండి. రెండు చోట్లా ఒకేలా పలచగా ఉంటే కారణం సున్నం కాదు, మట్టి లేకపోవడమో, మేకలో. ఇంకో గీతకు టైము లేదంటే కారణం జోలికి వెళ్ళకండి, చూసినది రాసి ఊరుకోండి. అదీ మంచి ప్రాజెక్టే.

లెక్క ఇలా వేయండి

ఊహించిన అంకెలతో చూపిస్తాను. వంద చుక్కల్లో బండ 58, గులక 15, మట్టి 8, ఎండాకు 6, లైకెన్ 4, మొక్క 9. కూడితే 100. అంటే మొక్కల కప్పు 9 శాతం. ఆ తొమ్మిదిలో ఆరు పగుళ్ళలో ఉన్నవైతే, గట్టు గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి దొరికినట్టే.

పది చదరాల్లో నాలుగింట విష్ణుక్రాంత ఉంటే దాని ఫ్రీక్వెన్సీ 40 శాతం. 200 చదరపు మీటర్లలో బొమ్మజెముడు గుంపులు 6 ఉంటే హెక్టారుకు 300 అవుతాయి. ఒక్క గీతతో ఆ 300ను గట్టు మొత్తానికి అంటగట్టకండి. నెత్తి మీద కనీసం ఐదు గీతలు ఉండి, వాటి మధ్య తేడా ఎంతో చూపిస్తేనే ఆ అంకెకు విలువ.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

వంద చుక్కలు కూడితే వంద రావాలి. రాకపోతే ఏదో గుర్తు దాటేశారు, అక్కడికక్కడే మళ్ళీ తీయండి, ఇంటికొచ్చి సర్దొద్దు.

చదరాలు వేసుకుంటూ పోతూ ప్రతిసారీ కొత్తగా ఎన్ని జాతులు చేరాయో రాయండి. చివరి మూడు చదరాల్లో కొత్తది ఒక్కటీ రాకపోతే ఆ గీతకు సరిపోయినట్టు. ఖాళీ చదరాలను ఈ మూడింటిలో లెక్కించకండి. పది అయ్యాక కూడా కొత్తవి వస్తూనే ఉంటే ఇంకో గీత కావాలి.

రాసినవారు, చూసినవారు స్థానాలు మార్చుకుని, మొదటి కాగితం చూడకుండా రెండు చదరాలు మళ్ళీ తీయండి. జాతుల సంఖ్యలో ఒకటి తేడా పరవాలేదు. మూడు నాలుగు తేడా వస్తే ఇద్దరిలో ఒకరు గడ్డి జాతులను కలిపేస్తున్నారు.

జాబితాలో ప్రతి పేరుకూ ఎదురుగా ఫోటో నంబరు ఉండాలి. ఫోటో లేని పేరు జాబితాలో ఉండకూడదు. గుర్తు తెలియనివాటిని దాచకండి. "తెలియని గడ్డి 1", "తెలియని పొద 2" అని రాయండి. గుర్తుపట్టని నాలుగు మొక్కలు నిజాయితీగా ఉన్న జాబితా, ఊహించి పేర్లు పెట్టిన జాబితా కంటే నాకు ఎక్కువ పనికొస్తుంది.

రిపోర్టులో రాయకూడనివి

"క్షీణించిన అడవి", "బంజరు", "మొక్కలు నాటాలి". ఈ మూడూ ప్రతి రిపోర్టు చివరా అలవాటుగా వచ్చేస్తాయి. అక్కడ ఒకప్పుడు దట్టమైన అడవి ఉండేదని మీ వంద చుక్కలు చెప్పవు. రెండు సెంటీమీటర్ల మట్టి ఉన్న బండ మీద గుంతలు తవ్వితే, ఏళ్ళ తరబడి చేరిన ఆ కాస్త మట్టి మొదటి వానకే కొట్టుకుపోతుంది. పగుళ్ళలో ఉన్న మొక్కలూ పోతాయి, నాటినవీ బతకవు.

అలాగే ప్రతి మొక్కకూ "సున్నం ఇష్టపడే మొక్క" అని ముద్ర వేయకండి. తంగేడు, బలుసు, విష్ణుక్రాంత ఎర్రనేలల్లో, గ్రానైట్ గుట్టల మీద కూడా హాయిగా పెరుగుతాయి. ఇక్కడ కూడా బతకగలవు, మీరు చెప్పగలిగింది అంతే.

తర్వాత ఆ కాగితాలు ఏం చేయాలి

ఒక కాపీ ఆ పంచాయతీలోని జీవవైవిధ్య నిర్వహణ కమిటీకి ఇవ్వండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి మొక్కలు, జంతువుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఒకటి రాయాలి. అందులో గట్టు నెత్తి పేజీలు ఖాళీగా ఉంటే మీ జాబితా అక్కడ పనికొస్తుంది. కాపరులు చెప్పిన పేర్లు కూడా కలిపి ఇవ్వండి.

ఫోటోలు ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే పేర్లు సరిచూసేవాళ్ళు దొరుకుతారు. పెట్టేముందు ఒక పని చేయండి. కుందేటికొమ్ములు, సోమలత లాంటి మందు మొక్కల ఫోటోలకు కచ్చితమైన స్థానం కనబడకుండా సెట్టింగ్ మార్చండి. ఫోటో ఫైల్‌లో దాగి ఉండే జీపీఎస్ వివరాలు కూడా తీసేసి, మండలం పేరు మాత్రం ఉంచండి. అసలు స్థానాలు మీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు.